ఇంటి మాట

భాద్రపద బహుళ తదియ

గాలి పడమర, మామూలు. గొలుసులు బాగున్నాయి. మంచినీటి తొట్టి సగానికి పైనే ఉంది.

గొలుసు కాపరి దినచర్యలో గాలి, గొలుసు, నీళ్లు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టినాయనకి తమ్ముళ్లు లేరనుకుంటాను. నాకు ఒకడున్నాడు, పేర్రాజు. ఈసారి లంకని నడిపే సరంగు పదవికి నిలబడుతున్నాడు. కాబట్టి నాలుగు ముక్కలు ఎక్కువే రాస్తాను. చదివి కోపం వచ్చినవాళ్లు ముప్పై తొమ్మిదో పంటుకి వచ్చి నూకరత్నం ఎవరని అడగండి. నాచు టీ ఇచ్చి మరీ తిట్లు తింటాను.

పొద్దున గొలుసులకి గ్రీజు పూస్తుంటే నీళ్లు బాగా వెనక్కి తీశాయి. కింద మునిగిన ఊళ్ల వాటర్ ట్యాంకుల తలలు బయటపడ్డాయి. పసుపు రంగుది మా తాతగారి ఊరిదని అమ్మ చెప్పేది. ఇప్పుడు దాని మీద కొంగలు సంసారం చేస్తున్నాయి.

మా లంకంటే నలభై పంట్లు, అంటే పెద్ద పెద్ద బల్లకట్లు. ఒక్కో పంటు మీద పదేసి ఇళ్లు, ఒక కూరపాదు, నాలుగు మేకలు. అన్నీ గొలుసులతో ఒకదాన్నొకటి పట్టుకుని తేలుతుంటాయి. అన్నిటికన్నా అంచున ఉన్నది నలభయ్యోది. దాని కాపరి మా అమ్మాయి మణి. పక్కదానికి నేను. మా రెండు పంట్లకీ ఒకటే ఫోను తీగ. సరంగు గదినుంచి మణికి ఏ కబురొచ్చినా నాకు వినిపిస్తుంది, నాకు పడే చివాట్లు దానికి వినిపిస్తాయి.

ఇవాళ మణి కొక్కెం తీసే పని మళ్లీ సాధన చేసింది. తుఫాను మీదికొస్తే అంచు పంటుని వదిలెయ్యాలి. సరంగు తన గదిలో బిగింపు సడలించి, ఫోనులో చెప్తాడు. అప్పుడు కాపరి కొక్కెం తీసి ఇవతలికి దూకాలి. అంతవరకూ కొక్కెం ఊడదు, చుక్కాని పట్టుకుని పంటుని దూరంగా నిలపాల్సింది కాపరే. చెప్పకముందే దిగి వచ్చేస్తే ఆ పంటు గొలుసు పట్టున ఊగి పక్కదాన్ని గుద్ది బద్దలు కొడుతుంది. మా పిల్లలకి అక్షరాలకన్నా ముందు నేర్పేది ఇదే. మణి చకచకా తీసి దూకింది. దాని మేనమామ పేర్రాజు చప్పట్లు కొట్టాడు. దాని నాన్న వలకి వెళ్లి తిరిగి రాని ఏడాదినుంచీ దానికి ఈతా, ముడులూ, పడవ తిప్పడమూ అన్నీ వాడే నేర్పాడు. ఆ పేర్రాజుని నడుముకి కట్టుకుని పెంచింది మాత్రం నేను. అమ్మ పోయేనాటికి వాడికింకా పాలపళ్లే.


భాద్రపద బహుళ షష్ఠి

గాలి నైరుతి. గొలుసులు బాగున్నాయి. మంచినీటి తొట్టి ఉప్పగా అయిపోయింది.

అంచు పంట్ల వాళ్లందర్నీ వెంటేసుకుని పేర్రాజు మా పంటుకి వచ్చాడు. మంచినీటి తొట్టికి తను కొత్తగా చేసిన పంపు చూపించాలని సముద్రం వైపు కవాటం స్వయంగా తిప్పాడు. తర్వాత మాటల్లో పడ్డాడు. వాడు మాట్లాడితే నాకే పని ఆగిపోతుంది, జనం సంగతి చెప్పాలా? అందరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. కవాటం తెరిచే ఉంది. మధ్యాహ్నానికి ఎవరో బిందె పెట్టి, నోట్లో పోసుకుని ఉమ్మేశారు.

పెద్దలు వచ్చి ఎవరి పని ఇది అని అడిగారు. పేర్రాజు రెప్పయినా వెయ్యకుండా, తొట్టి చూసే కామయ్య వైపు తిరిగి, "వెళ్లేటప్పుడు మూసెయ్యమని చెప్పాను కదా కామయ్యా" అన్నాడు. బాధపడుతున్నట్టు అన్నాడు. కామయ్య తల గోక్కున్నాడు. ముసలాయన్ని తొట్టి దగ్గర్నుంచి తీసేసి, పంట్ల అడుగున గుల్లలు గీకే పనిలో వేశారు. అంతసేపూ నేను రెండు బారల దూరంలో గ్రీజు డబ్బాతో కూర్చునే ఉన్నాను. మూసెయ్యమన్న మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు.

భోజనానికి వచ్చినప్పుడు అడిగేశాను. వాడు తప్పించుకోలేదు.

"ఇప్పుడు నా పేరు చెడితే నష్టం నాకు కాదక్కా, లంకకి. నేను సరంగునయ్యాక కామయ్యకి ఇంతకన్నా మంచి పని ఇచ్చేత్తాను, చూడు" అన్నాడు.

నిజంగా ఇస్తాడు కూడా. మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు భయమేసింది అందుకే. అబద్ధమాడి తిండి సయించనివాణ్ణి ఎలాగో దారికి తెచ్చుకోవచ్చు. వీడు మారు వడ్డించుకున్నాడు.


భాద్రపద బహుళ దశమి

గాలి లేదు. గొలుసులు బాగున్నాయి. నీళ్లు పక్క పంట్లనుంచి మోసుకుంటున్నాం.

ఇవాళ గాలిపెట్టె పరీక్ష. పెట్టెలో వెనకటి తుఫానులన్నీ ఉంటాయి. పోటీదారు ముందు కూర్చుంటే ఒక్కో తుఫానూ లేస్తుంది, పంట్లు చిన్న చిన్న దీపాల్లా ఊగుతాయి. ఏది ఎప్పుడు వదలాలి, ఏది ఎంత బిగించాలి, అన్నీ అప్పటికప్పుడే తేల్చాలి. చివర్న పెట్టె మార్కులు వేస్తుంది. మా చిన్నప్పుడు ఇది లేదు. వచ్చినప్పటినుంచీ జనం ఇంకేమీ చూడటం మానేశారు.

పేర్రాజుకి వందకి తొంభై నాలుగు. ఇంతవరకూ ఎవరికీ రాలేదు. ఎదురు నిలబడ్డ సూరమ్మకి డెబ్బై ఒకటి. ఆవిడ ప్రతి దీపం దగ్గరా ఆగి, అందులో మనుషులు దిగారా లేదా అని పెట్టెని రెండేసి సార్లు అడుగుతోంది. పెట్టె విసుక్కుని మార్కులు కోసేసింది. జనం నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత గొలుసు దగ్గర కూర్చుంటే ఇంకో సంగతి తోచింది. పెట్టెలో ఆరిపోయిన దీపం తర్వాత లేచి నన్నెవరు ఆర్పారని అడగదు. ఎవరు తప్పు ఒప్పుకుంటారో, ఎవరు పక్కవాడి మీదికి తోస్తారో పెట్టెకి తెలిసే దారి లేదు.

మణి చేతులు కందిపోయేలా చప్పట్లు కొట్టింది.


ఆశ్వయుజ శుద్ధ చవితి

గాలి తూర్పు, కొంచెం. గొలుసులు బాగున్నాయి.

ఎల్లుండి ఇంటి మాట. నేల మునిగాక మొదటిసారి పంట్లు కట్టిన పెద్దలు పెట్టిన ఆచారం ఇది. ఓటు వెయ్యబోయే ముందు పోటీదారుతో ఒకే కప్పు కింద బతికినవాళ్లు సభలో నిలబడి ఆ మనిషి ఎలాంటివాడో చెప్పాలి. పోటీదారు సభకి వీపు పెట్టి కూర్చోవాలి. ఒక్క ముక్క జవాబివ్వకూడదు. ఈ మధ్య అది పెళ్లిలో అప్పగింతల తంతులా తయారైంది. పెళ్లాలొచ్చి మా ఆయన బంగారం అంటారు, అందరూ మిఠాయి తిని వెళ్తారు. పేర్రాజుకి పెళ్లి కాలేదు. వాడి ఇల్లు నేనే.

తొట్టి సంగతి చెప్పబోతున్నానని మణికి చెప్పాను. తినే కంచం పక్కకి జరిపింది.

"ఒక తొట్టి నీళ్ల కోసం మామయ్య పరువు తీత్తావా?"

"నీళ్ల కోసం కాదే. రేపు నీళ్లకన్నా పెద్దది పోతే ఏమంటాడో తెలిసింది కాబట్టి."

"నువ్వు పెంచినోడే కదమ్మా" అంది.

పెంచాను కాబట్టే తెలుసని అంటే బాగుండేది. ముందు తిను అన్నాను. అది చాప చుట్టుకుని తన పంటుకి వెళ్లిపోయింది.


ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

చెప్పాను.

వాడి వీపు చూస్తూ చెప్పాను. చిన్నప్పుడు నూనె రాసిన వీపు. వాడికి తెలివుందని, కష్టపడతాడని, లంకంటే ప్రాణమని అన్నీ చెప్పాను, అవీ నిజాలే. తర్వాత కవాటం ఎవరు తిప్పారో చెప్పాను. తప్పు జరిగితే వీడి చెయ్యి ముందుగా పక్కవాడి మీదికి పోతుందని, అలాంటి చేతికి మన గొలుసులన్నీ ఇవ్వొద్దని చెప్పాను. ఆ వీపు కదల్లేదు.

ముందు వరసలోంచి రామన్న గారు లేచి, మనం సరంగుని ఎన్నుకుంటున్నామా, అల్లుణ్ణి వెతుక్కుంటున్నామా అని అడిగారు. సభంతా గొల్లుమంది. అల్లుడు చెడితే ఒక్క ఇల్లే ఏడుస్తుందండీ అన్నాను. వెనకనుంచి ఎవరో తొంభై నాలుగు అని అరిచారు, చప్పట్లు మొదలయ్యాయి. ఇంటి గుణం ఇంట్లో ఉంటుంది, మనకి తుఫాను దాటించేవాడు కావాలని రామన్న గారు తేల్చేశారు.

సూరమ్మ మొగుడు లేచి, ఈవిడ మొండిదండి, కానీ బడి పంపు చెడగొట్టినప్పుడు గడప గడపకీ వెళ్లి నేనే చెడగొట్టానని చెప్పుకొచ్చిందండి అన్నాడు. అది ఎవరికీ గొప్పగా తోచలేదు.

బయటికొస్తుంటే కామయ్య ఎదురుపడ్డాడు. గుల్లలు గీకి వేళ్లన్నీ కోసుకుపోయాయి. "నా గురించి ఎందుకమ్మా గొడవ? పేర్రాజు బాబు చెప్పే ఉంటాడు, నేనే మర్చిపోయుంటాను" అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

పేర్రాజు సరంగు అయ్యాడు. అంచు పంట్లన్నీ వాడికే వేశాయి. ఈ ఏడాది ఒక్క పంటు కూడా వదలనని వాళ్లకి మాటిచ్చాడు. ప్రతి కార్తీకంలోనూ ఇళ్లు పోగొట్టుకునేవాళ్లు అలాంటి మాటకి పడిపోరూ? నేనైనా పడిపోదును.


కార్తీక శుద్ధ పంచమి

గాలి ఈశాన్యం. గొలుసులు కొత్తవి వేశారు, చాలా బాగున్నాయి. తొట్టి నిండుగా ఉంది.

నాకూ కళ్లున్నాయి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. వాడు రాత్రీ పగలూ పని చేస్తున్నాడు. పంపులు బాగుపడ్డాయి. కామయ్యని విత్తనాల గదికి కాపలా వేశాడు, నీడపట్టు పని. ఎదురుపడితే నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు, మనసులో ఏమీ పెట్టుకోలేదు. అలా పెట్టుకోకపోవడం వాడి మంచి గుణాల్లో ఒకటి.

మణి మాత్రం ఫోనులో పని మాటలే మాట్లాడుతోంది. గొలుసు బాగుందా అంటే బాగుంది అంటుంది. తిన్నావా అంటే పెట్టేస్తుంది.


కార్తీక బహుళ చతుర్దశి

గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి తిరుగుతోంది. రేపు అమావాస్య, నీళ్లు ఎలాగూ పొంగుతాయి. అంచు పంట్ల ఇళ్లవాళ్లు వాళ్లంతట వాళ్లే మూటలు కట్టుకుని లోపలి పంట్లకి వచ్చేశారు. మేకల్ని కూడా తోలుకొచ్చారు. కాపరులు మిగిలారు.

పంటు వదిలే ప్రసక్తే లేదని సరంగు మైకులో మళ్లీ చెప్పాడు. జనం ఈలలు వేశారు.


మార్గశిర శుద్ధ తదియ

గాలి ఎటునుంచో చూడలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇంకెక్కడా ఎవరూ రాయరు.

అమావాస్య మధ్యాహ్నానికి అంచు పంటు ఒక పక్కకి ఒరిగింది. గొలుసు తీగలా బిగిసి మోగుతోంది. ఫోను తీసి సరంగు గదికి చేశాను.

"ఒరే తమ్ముడూ, గాలి పూర్తిగా తిరిగింది. పిల్లని దింపెయ్."

"ఉండక్కా, ఇంకాసేపు చూద్దాం. మొదటి తుఫానుకే వదిలేత్తే, మాట తప్పానంటారు అందరూ."

కాసేపటికి మళ్లీ చేశాను. "చెప్తున్నానక్కా, ఇదిగో, ఇప్పుడే చెప్తున్నాను" అన్నాడు. నేను ఫోను చెవినుంచి తియ్యలేదు. తీగ ఒకటే కదా, వాడు చెప్తే నాకూ వినపడాలి. ఏమీ వినపడలేదు. అవతల్నించి మణి గొంతు వచ్చింది.

"అమ్మా, ఉన్నావా?"

ఉన్నాను, నువ్వు వచ్చెయ్ అన్నాను. ఎవరి మాటా అక్కర్లేదు, వచ్చెయ్ అన్నాను.

"నేనిలా వచ్చేత్తే ఇదొచ్చి నిన్నే గుద్దుద్ది. ఉండు, మామయ్య చెప్తాడు. చెప్పగానే దూకేత్తాను." కొంచెం ఆగి, "ఇంకా కోపంగానే ఉన్నావా?" అని అడిగింది.

లేదే తల్లీ అన్నాను. పులుసు ఏమైనా ఉందా, ఆకలేస్తోంది అంది. పొద్దున్నుంచి పొయ్యి వెలిగించలేదు. ఉందన్నాను.

గొలుసు తెగిన చప్పుడు ఫోనులో ముందు వినిపించింది, తర్వాత బయట. తలుపు తీసేసరికి అంచున నీళ్లు తప్ప ఇంకేమీ లేవు.

పంటు చెక్కలు నిన్న కొన్ని దొరికాయి. పిల్ల దొరకలేదు.

ఆ సాయంత్రమే సరంగు మైకులో చెప్పాడు. తను సరైన సమయానికే దిగమని చెప్పాడట, కాపరి పంటు మీద మమకారంతో దిగలేదట. చిన్న వయసు, ధైర్యం ఎక్కువ, మాట వినలేదు అన్నాడు. చెప్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. లంకంతా వాడితో ఏడ్చింది.


మార్గశిర శుద్ధ సప్తమి

పేర్రాజు వచ్చాడు. నా ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన లేదు. అది వాడి చేతుల్లో పెరిగిన పిల్ల. నా చెయ్యి దానంతటదే వాడి జుట్టులోకి పోయింది. అలవాటు అంత త్వరగా పోదు.

లేచి కూర్చుని అడిగాడు. ఎల్లుండి సభలో విచారణ ఉందట. తీగ మీద నేనున్నానని అందరికీ తెలుసట. సరంగు చెప్పడం విన్నానని ఒక్క మాట అంటే చాలన్నాడు. సరంగు మీద నమ్మకం పోతే మిగిలిన పంట్లు ఎవరి దారి వాళ్లు చూసుకుంటాయని, లంక విడిపోతుందని చెప్పాడు.

"ఆలస్యమైందని నువ్వే చెప్పరా" అన్నాను. "గాలి ఎవడి చేతిలోనూ లేదు. మాట పోతుందని భయపడ్డాను, ఆలస్యం చేశాను అను. నేను నీ పక్కన నిలబడతాను. ఎవరైనా రాయి వేస్తే ముందు నాకు తగలనీ. దాన్ని మాత్రం మాట విననిదని అనొద్దురా."

వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఒక్క క్షణం, వాడు ఒప్పుకుంటాడనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, పోయిన పిల్ల తిరిగొచ్చినంత ఆశ కలిగింది. వాడు లేచి కుండలోంచి నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాడు.

"అలా కుదరదక్కా. అదెలాగూ లేదు కదా, దానికిప్పుడేం పోతది" అన్నాడు.

వెళ్లేటప్పుడు తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు, నాకు చలి తగలకుండా.


మార్గశిర శుద్ధ నవమి

సభలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫోను చెవి దగ్గరే ఉందని, ఆ మాట రాలేదని చెప్పాను.

రామన్న గారు ఈసారి నవ్వలేదు. ఎంతో దయగా మాట్లాడారు. "కడుపుకోత అమ్మా, మాకు తెలుసు. కానీ మొదటినుంచీ నీకు తమ్ముడంటే గిట్టదు కదా. ఇంటి మాటప్పుడూ ఇలాగే చెప్పావు" అన్నారు. చాలామంది తలలూపారు. అప్పుడు చెప్పిన నిజం ఇప్పటి నిజాన్ని మింగేసింది. ఆ రోజు మా తమ్ముడు బంగారమని మిఠాయి పంచి ఉంటే ఇవాళ నమ్మేవాళ్లేమో.

సూరమ్మ ఒక్కర్తీ లేచి తీగ గురించి సరంగుని రెండుసార్లు అడిగింది. ఆవిడకి అదో అలవాటు కదా అని ఎవరో అన్నారు. తుఫానుల కాలం ఇంకా అయిపోలేదు, తొంభై నాలుగు వచ్చినవాణ్ణి వదులుకుని ఎవర్ని పెట్టుకుంటామని మిగతావాళ్లు అడిగారు. పేర్రాజే సరంగు. ఈసారి వాడు వీపు పెట్టి కూర్చోలేదు. ఎదురుగా కూర్చుని నన్ను జాలిగా చూశాడు.


పుష్య బహుళ విదియ

గాలి ఉత్తరం, చలి. గొలుసులు బాగున్నాయి. అంచు పంటు ఇప్పుడు నాదే.

బడి పంటు గొలుసు అరిగిందంటే చూడ్డానికి వెళ్లాను. కిటికీ కిందే కొక్కెం. లోపల సుభద్ర టీచరు పిల్లలకి తుఫాను పాఠం చెప్పిస్తోంది. సరంగు గదినుంచి కొత్తగా వచ్చిన పాఠమట. ఆవిడ చెప్తోంది, వీళ్లు ఒకే గొంతుతో అంటున్నారు.

"నలభయ్యో పంటు కాపరి మణి, సరంగు మాట వినలేదు. మణి ప్రాణం పోయింది. మనం మణిలా చేయకూడదు."

గ్రీజు చేతులతోనే లోపలికి వెళ్లాను. టీచరు లేచి నిలబడింది. ఆవిడకి ఏమీ చెప్పలేదు, పిల్లలకే చెప్పాను.

"మణి మాట విన్న పిల్లర్రా. అందుకే పోయింది."

పిల్లలు టీచరు వైపు చూశారు, ఇది కూడా అందరూ కలిసి అనాలా అని. సుభద్రకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ చెడ్డది కాదు. పాఠం మార్చడం నా చేతిలో లేదు రత్నమ్మగారూ, ఏమీ అనుకోకండి అంది. పిల్లల వైపు తిరిగి, మొదటినుంచి అనండర్రా అంది.

నేను బయటికొచ్చి కొక్కెం దగ్గర కూర్చున్నాను. పని అయిపోయింది, గొలుసుకి ఇంకో పూత కూడా వేశాను. లోపల మళ్లీ మళ్లీ అంటున్నారు. ఒక్కో ముక్కా తప్పే. లేచి వెళ్లిపోవాలనుకుంటూనే ఉన్నాను. కానీ అంతమంది పిల్లలు ఒక్కసారిగా మణీ, మణీ అంటుంటే, బడి వదిలేదాకా అక్కడినుంచి కదల్లేకపోయాను.